మరుగుదొడ్డి నుంచి పెరటి మడికి: ఎరువు తయారీ, నీటి పొదుపు

మన నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు అందాలన్న లెక్కతో సరఫరా పథకాలను రూపొందిస్తారు. పల్లెలకు జల జీవన్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. పాతకాలపు ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే 10 లీటర్లకు పైగా నీళ్లు పోతాయి కనుక, నగరవాసి వాటాలో పెద్ద భాగం మరుగుదొడ్డికే ఖర్చవుతుందన్నమాట. హైదరాబాదులో ఆ నీళ్లు నాగార్జునసాగర్ నుంచో ఎల్లంపల్లి నుంచో వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి, తాగడానికి వీలుగా శుద్ధి అయి, చివరికి గ్లాసుడు మూత్రాన్ని మురుగుకాలువలోకి నెట్టడానికి పనికొస్తున్నాయి. అలా నెట్టేసిన మూత్రంలో ఉన్న నత్రజనినే తర్వాత యూరియా రూపంలో డబ్బిచ్చి కొని మొక్కలకు వేస్తున్నాం.

ఈ రెండు నష్టాలకూ కారణం ఒక్కటే: మూత్రాన్నీ మలాన్నీ నీళ్లలో కలిపేయడం. మూత్రం దాదాపు తయారైన ద్రవ ఎరువు, దాన్ని వాడడం సులువు. మలంలో పోషకాలు తక్కువ, రోగకారక క్రిములు ఎక్కువ, దానికి కాలం పడుతుంది. ఈ రెంటినీ కలిపి నీళ్లు పోస్తే దేన్నీ సులువుగా వాడుకోలేని మురుగు తయారవుతుంది. కాబట్టి ఏ ఇంట్లోనైనా ముందు మూత్రంతో మొదలుపెట్టాలి. స్థలం, ఓపిక రెండూ ఉన్నవారు మాత్రమే మలం దాకా వెళ్లాలి. అపార్టుమెంటులో ఉండేవారు మూత్రంతో ఆగిపోయినా చాలా సాధించినట్టే.

మూత్రం: ఎంత విలువ, ఎలా సేకరించాలి

మన దేశపు ఆహారపు అలవాట్లను బట్టి వేసిన అంచనాల ప్రకారం ఒక మనిషి విసర్జనలో ఏడాదికి సుమారు 2.7 కిలోల నత్రజని ఉంటుంది, అందులో 2.3 కిలోల దాకా మూత్రంలోనే పోతుంది. భాస్వరంలోనూ ఎక్కువ వాటా మూత్రానిదే. యూరియాలో నత్రజని 46 శాతం కనుక, ఒక మనిషి ఏడాది మూత్రం దాదాపు 5 కిలోల యూరియాకు సమానం. నలుగురున్న ఇంట్లో అంతా సేకరించగలిగితే 20 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలో సగానికి కాస్త తక్కువ. బడికీ ఆఫీసుకూ వెళ్లే ఇంట్లో అంతా దొరకదు, సగం దొరికినా పెరటికి అదే ఎక్కువ.

ఆవు పంచితంతో జీవామృతం కలిపి మడులకు పోయడానికి ఏమాత్రం సంకోచించని మనవాళ్లు మనిషి మూత్రం మాట ఎత్తగానే ముఖం తిప్పుకోవడం మామూలే. మొక్క వేరుకు మాత్రం ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో పట్టదు.

సేకరణకు 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మూతిలో సరిగ్గా కూర్చునే గరాటు చాలు. గరాటులో ఒక టేబుల్ టెన్నిస్ బంతి వేసి ఉంచితే మూత్రం పోసినప్పుడు అది తేలి దారి ఇస్తుంది, అయిపోగానే మళ్లీ రంధ్రం మీద కూర్చుని వాసనను లోపలే ఆపుతుంది. మగవారు నేరుగా గరాటులో పోయవచ్చు, ఆడవారికీ పిల్లలకూ వెడల్పాటి మగ్గు సౌకర్యంగా ఉంటుంది. డబ్బా నిండాక గరాటు తీసి మూత గట్టిగా బిగించి నీడలో పెట్టాలి. ఇనుప, రాగి, జింకు పూత పాత్రలు పనికిరావు, నిల్వ మూత్రం వాటిని తినేస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో అదేమిటో, ఏ తేదీన నిండిందో రాయడం తప్పనిసరి. నీళ్ల డబ్బాలూ మూత్రం డబ్బాలూ ఒకే ఆకారంలో ఉన్న ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కర లేదు.

మూతపెట్టిన డబ్బాలో కొన్నాళ్లకు ఒక మార్పు జరుగుతుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవుల ఎంజైము అమ్మోనియాగా విడగొడుతుంది, ద్రవం క్షారగుణం పెరిగి పీహెచ్ 9 దగ్గరకు చేరుతుంది. మూత తీయగానే ముక్కుపుటాలు మండి కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటుగా ఉండే ఆ అమ్మోనియాయే లోపలి రోగక్రిములను చంపే పని చేస్తుంది. అడుగున తెల్లగా, ఇసుకలా పేరుకునేది భాస్వరంతో కూడిన లవణం. దాన్ని కడిగి పారేయకుండా, వాడే ముందు డబ్బాను బాగా కుదిపి అదీ మడిలోకే పంపాలి. మూత వదులుగా ఉంటే అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది, అంటే ఇంట్లో వాసన మిగిలి ఎరువు తగ్గిపోతుంది.

ఎన్నాళ్లు నిల్వ ఉంచాలన్నది ఎవరు తింటారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, ఒక కుటుంబం తన మూత్రాన్ని తన పెరట్లోనే వాడి, పండినది తానే తినేటట్లయితే నిల్వ ఉంచకుండానే వాడవచ్చు. చివరిసారి పోసిన నాటికీ కోతకూ మధ్య ఒక నెల వ్యవధి మాత్రం ఉండాలి. ఇరుగుపొరుగుకు పంచేది, అమ్మేది, పచ్చిగా తినేది అయితే 20 డిగ్రీలు లేదా అంతకు మించిన వేడిలో 6 నెలలు నిల్వ ఉంచిన మూత్రమే వాడాలి. మన వాతావరణంలో ఆ వేడికి కొదవలేదు, అరకు, ఆదిలాబాద్ వంటి చోట్ల చలికాలంలో మాత్రం మరో నెల కలుపుకోవడం మంచిది.

కొందరి మూత్రాన్ని అసలు సేకరించకూడదు. టైఫాయిడ్ క్రిమి మూత్రంలోనూ బయటికి వస్తుంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉన్నవారిదీ, యాంటీబయాటిక్ మందులు వాడుతున్నవారిదీ, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారిదీ కోలుకునేదాకా మరుగుదొడ్డిలోకే పోనివ్వాలి.

ఎంత పోయాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు, ఎరువు ఉచితంగా దొరికింది కదా అని ధారాళంగా పోస్తారు. గుర్తుంచుకోవలసిన కొలత చాలా సులువైనది: ఒక మనిషి ఒక రోజు మూత్రం, అంటే సుమారు లీటరున్నర, ఒక చదరపు మీటరు మడికి ఒక పంటకాలం మొత్తానికి సరిపోతుంది. ఒక రోజుకో వారానికో కాదు, పంట మొత్తానికి.

మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవున్న వంగ మడిని తీసుకుంటే దానికి నాలుగున్నర లీటర్లు కావాలి. నాటిన మూడో వారం నుంచి పది పన్నెండు రోజులకొకసారి, నాలుగైదు విడతలుగా, విడతకు లీటరుకు అటూ ఇటూగా పోయాలి. లీటరు మూత్రానికి ఐదారు లీటర్ల నీళ్లు కలిపి, మొదలుకు జానెడు దూరంలో వేలు లోతున గీసిన చాలులో పోసి, వెంటనే మట్టి కప్పి, పైన మామూలు నీళ్లు పెట్టాలి. మట్టి కప్పితే వాసన రాదు, నత్రజని గాలిలోకి పోదు. ఆకుల మీద చల్లకూడదు. ఎండవేళ కాకుండా సాయంత్రం పోయడం మేలు.

మిద్దెతోట కుండీల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 12 అంగుళాల కుండీ పైభాగం లెక్కగడితే దానికి పంట మొత్తానికి కావలసింది 100 మిల్లీలీటర్ల పైచిలుకు మాత్రమే. అంటే చిన్న టీ కప్పుడు, అదీ నాలుగు విడతలుగా. విడతకు 25 మిల్లీలీటర్లకు పదింతల నీళ్లు కలపాలి. మూత్రంలో ఉప్పు ఉంటుంది. నేలలో అయితే వాన పడి కిందికి దిగిపోతుంది గానీ కుండీలో అది పోగుపడుతుంది. ఆకు అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగినా, మట్టి మీద తెల్లటి పూత కనిపించినా మూత్రం ఆపేసి, కుండీ అడుగు రంధ్రం నుంచి నీళ్లు కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్లు పోయాలి. ఉప్పునీటి బోర్లున్న చోటా, చౌడు నేలల్లోనూ మొదటి నుంచే కొలత సగానికి తగ్గించాలి.

ఆకు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి పూత రాకపోతే నత్రజని ఎక్కువైందని అర్థం, టమాటా, మిరపలో ఇది తరచూ కనిపిస్తుంది. పూత మొదలైన తర్వాత మూత్రం తగ్గించి కాస్త కట్టెల బూడిద వేస్తే పొటాష్, భాస్వరం అందుతాయి. చిక్కుడు, గోరుచిక్కుడు, అలసంద వంటివి గాలిలోని నత్రజనిని తామే పట్టుకుంటాయి కనుక వాటికి దాదాపు అవసరం లేదు. అరటి, బొప్పాయి, మునగ, కరివేపాకు, కొబ్బరి దీన్ని బాగా వాడుకుంటాయి. ముప్పై రోజులకే కోతకు వచ్చే తోటకూర వంటి ఆకుకూరలకు నెల వ్యవధి నియమం అడ్డొస్తుంది కాబట్టి, విత్తే ముందే మడిలో పోసి మట్టితో కలిపేయాలి తప్ప మధ్యలో పోయకూడదు.

మలం: కాలమే పనిచేయాలి

మలం విషయంలో తొందర పనికిరాదు. నులిపురుగుల జాతికి చెందిన ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏళ్ల తరబడి బతుకుతాయి. అవి చచ్చేదాకా ఆగడమే ఈ పద్ధతిలోని ఆరోగ్య సూత్రమంతా.

కొంచెం నేల ఉన్న ఇంటికి అన్నిటికన్నా సరైనది రెండు గుంతల మరుగుదొడ్డి. ఐదారుగురున్న ఇంటికి మీటరు వ్యాసం, గొట్టం కలిసే చోటి నుంచి కిందికి మీటరు లోతు ఉన్న గుంత దాదాపు మూడేళ్లకు నిండుతుంది. గుంత గోడను జల్లెడలా సందులు వదిలిన ఇటుకలతోనో, రంధ్రాలున్న సిమెంటు ఒరలతోనో కట్టాలి. అడుగున సిమెంటు వేయకూడదు. రెండు గుంతల మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి. మరుగుదొడ్డి నుంచి వచ్చే గొట్టం చిన్న తొట్టెలో రెండుగా చీలుతుంది; ఒక దారిని ఇటుకా మట్టితో మూసి రెండోదాన్నే వాడాలి. మొదటి గుంత నిండాక దారి మార్చి, నిండినదాన్ని రెండేళ్లు కదపకుండా వదిలేయాలి. నీళ్లూ వాయువులూ చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకి, మిగిలింది చివికి ఎరువవుతుంది.

మేస్త్రీలు ఈ పద్ధతిని తరచూ రెండు విధాలుగా పాడుచేస్తారు. ఒకటి, పది పన్నెండు అడుగుల లోతు తవ్వి ఒరలు దించి ఇక ఎప్పటికీ నిండదని హామీ ఇవ్వడం. అంత లోతులో మలం చివకదు, భూగర్భజలం మాత్రం చెడుతుంది. రెండోది, మొదటి గుంత నిండితే రెండోదానిలోకి పొర్లేలా రెంటినీ వరుసగా కలిపేయడం. అప్పుడు ఏ గుంతకూ విశ్రాంతి ఉండదు. పని పూర్తయ్యే ముందు తొట్టె మూత తీయించి, ఒక దారి మూసి ఉందో లేదో యజమాని కళ్లారా చూసుకోవాలి. ఇలాంటి మరుగుదొడ్డిలో యాసిడ్, ఫినాయిలు పోస్తే చివికించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. డైపర్లు, ప్యాడ్లు అసలే వేయకూడదు.

గుంత అడుగుకూ భూగర్భజల మట్టానికీ మధ్య వానాకాలంలోనూ రెండు మీటర్లు ఉండాలి, తాగునీటి బావి గానీ బోరు గానీ 10 నుంచి 15 మీటర్ల దూరంలో ఉండాలి. కోనసీమలో, కృష్ణా డెల్టాలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు పడే చోట ఇది సాధ్యం కాదు. అక్కడ నేల మీదే రెండు గదులు కట్టి, వాటి మీద మూడు దారుల పీట అమర్చే పొడి మరుగుదొడ్డి సరైనది. మూత్రం ముందువైపు గొట్టంలోకి, మలం కింది గదిలోకి, కడుక్కున్న నీళ్లు వేరే గొట్టం ద్వారా మొక్కల పాదులోకి పోతాయి. మనం నీళ్లతో కడుక్కునేవాళ్లం కనుక ఈ మూడో దారి లేనిదే ఆ పద్ధతి ఇక్కడ నిలవదు. ప్రతిసారీ మలం మీద రెండు గుప్పిళ్లు పొడి బూడిదో, రంపపు పొట్టో, ఎండుమట్టో చల్లాలి. గ్యాసు పొయ్యిలొచ్చాక ఇంట్లో బూడిద దొరకడం లేదు గానీ, గోదావరి జిల్లాల్లో రైసుమిల్లుల ఊక బూడిదకు లోటు లేదు. ఒక గది నిండాక మూసి, మన వేడి వాతావరణంలో కనీసం ఏడాది ఆగాలి, ఏడాదిన్నర ఆగితే ఇంకా నిశ్చింత.

సెప్టిక్ ట్యాంకులోంచి తీసింది ఎరువు కాదు. అందులో నిన్నటి పచ్చి మలమూ కలిసే ఉంటుంది. దాన్ని ట్యాంకరుతో తీయించి శుద్ధి కేంద్రానికే పంపాలి, పొలానికో పెరటికో పోయించకూడదు.

పూర్తిగా చివికిన గుంత ఎరువు నల్లగా, పొడిగా, కాఫీపొడిలా రాలుతుంది, వాసన ఉండదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఎరువు తోడి చూపించారు. ఉన్నతాధికారి గుంతలో దిగడం వార్త కావడానికి కారణం మన సమాజంలో ఆ పనిని ఎవరి నెత్తిన పెట్టామో అందరికీ తెలియడమే. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పుట్టి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ పోరాడింది మనుషుల చేత పచ్చి మలం ఎత్తించే పాత పొడి మరుగుదొడ్ల మీదే. 2013 నాటి చట్టం పూర్తిగా చివకని మలాన్ని మనుషుల చేత తీయించడాన్ని నిషేధించింది. కాబట్టి పైన చెప్పిన ఏ పద్ధతి పెట్టుకున్నా రెండు షరతులు వదలకూడదు: గడువు తీరకుండా గుంత తెరవకూడదు; తెరిచాక తీయడం ఇంటివాళ్లే చేయాలి. ఆ పనికి తాము సిద్ధంగా లేనివారు మూత్రంతో ఆగిపోవడమే న్యాయం.

తీసేటప్పుడు చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకోవాలి. ఎక్కడైనా తడిగా, జిగటగా, వాసనతో కనిపిస్తే మూసేసి మరో ఆరు నెలలు ఆగాలి. తీసినదాన్ని కొన్ని రోజులు ఎండబెట్టి, మామిడి, నిమ్మ, కొబ్బరి, పూలమొక్కల పాదుల్లో తవ్వి కలిపి మట్టి కప్పాలి. ముల్లంగి, క్యారెట్, ఉల్లి, కొత్తిమీర మడులకు దీన్ని వాడకపోవడమే మంచిది.

నీళ్లు మిగిలేది ఎక్కడ

మూత్రాన్ని విడిగా తీస్తే ఫ్లష్ నొక్కే అవసరమే చాలాసార్లు తప్పిపోతుంది. అది కుదరని ఇంట్లో కూడా మార్పు పెద్దదే. ఐదుగురు రోజుకు ఐదేసిసార్లు 10 లీటర్ల ట్యాంకు నొక్కితే 250 లీటర్లు పోతాయి. 3, 6 లీటర్ల రెండు మీటల ట్యాంకు పెట్టి, ఒక్కొక్కరు నాలుగుసార్లు చిన్నది, ఒకసారి పెద్దది నొక్కితే 90 లీటర్లే అవుతాయి. ట్యాంకు మార్చే వీలు లేనివారు నీళ్లు నింపి మూత బిగించిన లీటరు సీసాను పాత ట్యాంకులో నిలబెడితే ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఇటుక పెట్టకూడదు, అది అరిగి పొడి రాలి రబ్బరు వాషరును పాడుచేస్తుంది. ఫ్లష్ ట్యాంకు లోలోపల కారుతోందా అన్నది తెలియాలంటే రాత్రి అందులో బట్టల నీలం కొన్ని చుక్కలు వేసి, ఎవరూ నొక్కకుండా తెల్లవారి చూడాలి. బేసిన్‌లో నీలం కనిపిస్తే వాషరు మార్చవలసిందే. వాలు ఎక్కువగా ఉన్న పల్లెటూరి పీటకైతే రెండు లీటర్ల చెంబు నీళ్లు చాలు.

స్నానం నీళ్లూ, బట్టలు జాడించిన నీళ్లూ మొక్కలకు పోతాయి గానీ రెండు నియమాలున్నాయి. వాటిని ఒక రోజుకు మించి నిల్వ ఉంచకూడదు, కుళ్లి కంపు కొడతాయి, దోమలు గుడ్లు పెడతాయి. పచ్చిగా తినే కూరలకు పోయకూడదు. సబ్బుపొడిలో సోడియం ఎక్కువ కనుక వాషింగ్ మెషీన్ మొదటి విడత నీళ్లు మురుగులోకి వదిలి, జాడించిన నీళ్లే పట్టుకోవాలి. అరటి, మెట్టతామర, చేమ పెట్టిన పాదులోకి బాత్రూము గొట్టాన్ని మళ్లిస్తే రోజూ మోసే పని ఉండదు: మీటరు వెడల్పు, రెండు అడుగుల లోతు గుంత తవ్వి, అడుగున ఇటుక ముక్కలు, పైన కంకర, ఆపైన ముతక ఇసుక నింపి, గొట్టం చివరను కంకరలోకి దించి, చుట్టూ మొక్కలు నాటాలి. వంటింటి నీళ్లలో జిడ్డూ మెతుకులూ ఉంటాయి కాబట్టి వాటిని ముందు చిన్న తొట్టెలో ఆపి, తేలిన జిడ్డు వారానికోసారి తీసేయకపోతే ఇసుక పూడుకుపోతుంది. బియ్యం, పప్పులు కడిగిన నీళ్లు మాత్రం నేరుగా కుండీల్లో పోయవచ్చు.

ఆర్వో యంత్రం వదిలే నీళ్లను మొక్కలకు పోసే అలవాటు బాగా పెరిగింది. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి కనుక ఆ ఆలోచన సహజమే, కానీ అందులో అసలు నీటి ఉప్పంతా చిక్కగా చేరి ఉంటుంది. నల్లగొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఫ్లోరైడ్ కూడా చిక్కబడే వస్తుంది. మూత్రం పోసే కుండీల్లో దీన్నీ పోస్తే ఉప్పు రెట్టింపవుతుంది. ఆ గొట్టం కింద బకెట్ పెట్టి, పట్టిన నీళ్లు గచ్చు తుడవడానికీ, మరుగుదొడ్డిలో పోయడానికీ వాడాలి.